జహాజ్ చాచా అర్జీ

మా బ్యాంకు వాళ్లు నా సంతకం నాది కాదంటున్నారు. కొత్త చెక్కు పుస్తకం కోసం దరఖాస్తు ఇస్తే, కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ తెరను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "ఇది మీ సంతకమేనా సార్?" అంది. ఆమె కళ్ల ముందే పెట్టిన సంతకం. "కలుస్తలేదు సార్, ఇంకోసారి పెట్టుండ్రి" అంది. పెట్టాను. రెండోది మొదటిదానితో కూడా కలవలేదు. మూడోది చూశాక ఆమెకు జాలి వేసినట్టుంది, ఆధార్ జిరాక్స్ తీసుకొని రేపు రమ్మంది.

పాతికేళ్లుగా కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. సంతకానికి ఎంత విలువ ఉందో ఏటా కొత్త పిల్లలకు నేర్పేవాణ్ణి నేనే. అలాంటి నా సంతకం చెదిరిపోవడానికి కారణం ఒకాయన. ఆయన ఇప్పుడు లేడు. ఉంటే ఈ సంగతికి సంతోషించేవాడు. "మూడు తీర్ల పెట్టినవా? కాగితం గిటు తే" అనేవాడు.

కోరుట్లలో ఆయన్ని జహాజ్ చాచా అనేవారు, జహాజ్ అంటే ఓడ. మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఉండేవాడు. మా దిక్కు ఇంటికొకరైనా దేశం దాటి పోయినవాళ్లే కాబట్టి దేశం దాటడం ఒక విశేషం కాదు. కాకపోతే అందరూ గాలిమోటరెక్కి ఎడారిలో దిగితే, ఈయనొక్కడు ఓడెక్కాడు. సర్కారు వారి సరుకుల ఓడలో ఇంజనుకు నూనె పెట్టే పని. "ఏ దేశంల చేసినవ్ చాచా?" అంటే "దేశంల కాదు, నీళ్లల్ల" అనేవాడు. "ఎన్ని దేశాలు సూసినవ్?" అంటే "ఇంజన్ రూంకు కిటికీ ఉండది" అనేవాడు.

నీళ్లు వదిలి ముప్పై ఏళ్లయినా కాళ్లు ఎడంగా పెట్టి నడిచేవాడు, రోడ్డు ఎప్పుడు వొరుగుతుందో అన్నట్టు. మా రోడ్ల సంగతి తెలిసినవాళ్లకు అది ముందుజాగ్రత్తగానే కనిపించేది. బస్టాండు దగ్గరి హోటల్లో టీ తెప్పించుకుంటే, ముందు జేబు రుమాలు తడిపి బల్ల మీద పరిచి, దాని మీద సాసరు పెట్టేవాడు. ఓడ ఊగినప్పుడు గ్లాసు జారకుండా అలా చేస్తారట. ఆ హోటల్ నాకు తెలిసి ఎన్నడూ ఊగలేదు. ఆటో ఎక్కితే "పోర్ట్ సైడ్ ఆపు" అనేవాడు, ఎడమ పక్క అని ఆయన ఉద్దేశం. "ఈడ పోర్టు లేదు చాచా, పోస్టాఫీసు ఉన్నది, ఆపాల్నా?" అనేవాడు ఆటో ఆయన. ఇంజను ఆయన చెవుల్లోంచి సగం వినికిడి తీసుకుంది. మిగిలిన సగంతో తనకు కావలసినవి వినేవాడు.

ఆయనకు కావలసింది ఒక్కటే. దేశానికి సొంత సరుకుల ఓడలు ఉండాలి. సర్కారు వాటిని అమ్ముకోకూడదు, పాతవాటి జాగాలో కొత్తవి కట్టించాలి.

ఈ మాట కోరుట్లలో చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. మాకు సముద్రం ఏ దిక్కు పోయినా ఒక రాత్రి ప్రయాణం. అయినా ఆయన చెప్పేవాడు. ఎరువుల దుకాణం ముందు క్యూలో నిలబడ్డ రైతుల దగ్గరికి పోయి, "గీ బస్తా ఎట్లచ్చింది?" అని అడిగేవాడు.

"లారీల" అనేవాళ్లు.

"లారీలకు ఎట్లచ్చింది?"

"ఏమో చాచా, సర్కారు పంపింది."

"ఓడల అచ్చింది. ఓడ ఎవనిది? పరాయోనిది. మబ్బు వట్టినంక కిరాయి ట్రాక్టరోడు ఏమంటడు?"

ఈ ప్రశ్నకు జవాబు మా దగ్గర అందరికీ నోటికి వచ్చు. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నప్పుడు మబ్బు పడితే కిరాయి ట్రాక్టరు మనిషి ఫోన్ ఎత్తడు. ఎత్తితే చెప్పే రేటు వినేకన్నా ఎత్తకపోవడమే నయం.

"గదే" అనేవాడు చాచా. "లడాయి అయితె సముద్రంల మబ్బు వట్టినట్టే. పరాయి ఓడ రాదు. అప్పుడు నీకు గ్యాస్ బుడ్డి యాడికెళ్లి అస్తది, యూరియా యాడికెళ్లి అస్తది? సొంత బండి ఉన్నోనికి ఫికరుండదు."

రైతులు బాగా విన్నారు. మా దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అయితే తల ఊపుతూనే ఉన్నాడు. చివరికి, "నువ్వన్నది నూటికి నూరు పాళ్లు నిజం చాచా. గా కొనుగోలు సెంటర్ల వడ్లు కాంటయినంక లారీలు వస్తలేవు. నీకు పెద్ద సార్లు ఎరుకుంటె గది జెర అడుగు" అన్నాడు.

ఇంకో విషయం ఆయనకు నవ్వూ కోపమూ తెప్పించేది. పన్నుల కోసం ఓడలకు వేరే దేశాల జెండాలు కడతారట; సముద్రమే లేని దేశం జెండా కట్టుకొని తిరిగే ఓడలను ఆయన కళ్లారా చూశాడు. "సముద్రం లేనోనికి ఓడలున్నయ్ లెక్చరర్ సాబ్. గంత సముద్రం ఉండి మనకు లేవు." ఆ లెక్కన మా జగిత్యాల జిల్లాకు కూడా ఓడలుండవచ్చు కదా అన్నాను. నేను జోక్ వేశాను. ఆయన రెండు రోజులు ఆలోచించాడు.

ఆ ఆలోచన జెండా దగ్గర తేలింది. మన సరుకుల ఓడలకు ఒక జెండా ఉంది: ఎర్ర బట్ట, మూలన చిన్న మూడు రంగుల జెండా. అది తన డాబా మీద ఎగరాలన్నాడు. ఆయన బిడ్డను సిరిసిల్లలో మరమగ్గాల ఇంటికి ఇచ్చారు. సిరిసిల్లలో పార్టీల జెండాలు కుట్టని నెల ఉండదు. ఒక ఆదివారం నన్ను వెంటేసుకొని బస్సెక్కించాడు. జెండాలు కుట్టే మనిషి టేపు మెడలో వేసుకొని, "ఏ పార్టీ?" అన్నాడు.

"పార్టీ కాదు. జహాజ్‌ది" అన్నాడు చాచా.

"కొత్తగ పెట్టిన్రా? గుర్తేంది?"

"గుర్తు లేదు. ఎర్రది, మూలకు మూడు రంగులది."

ఆ మనిషి టేపు తీసి బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు: "పొత్తు ఖాయమైందా సార్?"

ఎన్ని కావాలి, వెయ్యా, రెండు వేలా అన్నాడు. ఒక్కటి అనేసరికి ఆయనకు మా పార్టీ భవిష్యత్తు అర్థమైంది, కుట్టనన్నాడు. చివరికి బిడ్డే ఇంట్లో కుట్టి పెట్టింది. కుడుతూ, "ఊర్లె అందరి అబ్బాలు మనుమల ఫొటోలు చూపిస్తరు, మా అబ్బా జెండా కొలతలు చూపిస్తడు" అంది. అంటూనే మూల దగ్గర కుట్టు రెండుసార్లు వేసింది, గాలికి ఊడకుండా. ఆ జెండా కోరుట్లలో ఎగిరిన మూడో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చి టీ తాగి, ఎర్రరంగు గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, తడి రుమాలు గురించి ఐదోది అడిగి పోయాడు.

ఆయన పనిచేసిన ఓడను అప్పటికే ఇనుప సామాను కింద కోసేశారు. ఆ మాట ఎవరో పాత దోస్తు ఫోన్లో చెప్పిన రోజు హోటల్లో రుమాలు తడపకుండానే టీ తాగాడు. "మనిషి పోతె నలుగురస్తరు" అన్నాడు. "ఓడ పోతె గ్యాస్ కట్టరోడస్తడు." మరునాడు పొద్దున మా ఇంటికి వచ్చి అర్జీ పెట్టాలన్నాడు.

"మన అర్జీతో ఓడలు నిలుస్తయా చాచా?" అన్నాను.

"ఒడ్డునోళ్లు అడిగితె వాళ్ల పొట్టకోసం అడిగిన్రంటరు. సముద్రం సూడనోళ్లు అడిగితెనే అది దేశం అడిగినట్టు. గందుకే కోరుట్ల అడగాలె."

కామర్స్‌లో ఇలాంటి వాదన ఎక్కడా చదవలేదు. అర్జీతో ఓడ రాదని ఆయనకూ తెలుసు. ఓడ కావాలనే మనిషి తనొక్కడు కాదని తెలిస్తే చాలు.

మొదటి కాగితం ఓడలో నేర్చుకున్న ఇంగ్లీషులో, ఆయన చేతి రాత. వారం తిరిగాడు. ఐదు సంతకాలు వచ్చాయి. అందులో ఒకటి ఆయనది, ఒకటి ఆటో ఆయనది, మూడు నావి. వట్టి చేతులతో తిరిగి వచ్చిన మనిషిని చూడలేక ఒక్కో రోజు ఒక్కో తీరుగా పెట్టాను: ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక, ఒకసారి అచ్చం మా నాన్నలాగా. అప్పటి నుంచి నా చెయ్యి మళ్లీ ఒక్క తీరుకు రాలేదు; బ్యాంకు అమ్మాయికి ఇదంతా చెప్పలేకపోయాను.

"తెలుగుల రాయి" అన్నాడు చాచా తర్వాత. ఆయనకు తెలుగు పుట్టుకతో వచ్చిన మాటే గాని, అక్షరాలు రావు. చదువు ఐదో తరగతి దాకా ఉర్దూలో. "నౌక అని రాయకు, ఎవ్వనికి సమజ్ గాదు. ఓడ అని రాయి." రాశాను. "మన ఓడలు మనకుండాలి. ప్రభుత్వ ఓడలను ప్రైవేటు వారికి అమ్మరాదు. ఉన్న ఓడలు పాతబడినవి. సర్కారు సాయం చేసి కొత్త ఓడలు కట్టించాలి. ఇంకా ఆలస్యమైతే మన ఓడలు ఒక్కొక్కటే మునిగిపోతాయి." చదివి వినిపిస్తే "మస్తుంది" అన్నాడు. జిరాక్స్ షాపులో టైపుకు ఇచ్చి, నేను పరీక్షల డ్యూటీకి పోయాను.

మా జిరాక్స్ షాపాయన ఊరి అర్జీలన్నీ టైపు చేస్తాడు, చేస్తూ భాష బాగుచేస్తాడు. ఆయనకొక నియమం ఉంది, తర్వాత ఆయనే చెప్పాడు. "మనోళ్లు ఎట్ల మాట్లాడుతరో అట్లనే రాస్తరు సార్. మావోళ్లు అని రాస్తరు, మావాళ్లు అని దిద్దుత. పేదోళ్లం అని రాస్తరు, పేదవాళ్లం అని దిద్దుత. ఆఫీసుల నవ్వద్దు గద." ఓ కనబడితే వా పెట్టడం. పదేళ్లుగా అలా చేసి ఎందరి అర్జీలకో పరువు నిలబెట్టాడు. నా కాగితంలోనూ నిలబెట్టాడు.

రెండు రోజుల తర్వాత చాచా పరుగులాంటి నడకతో వచ్చాడు. కాగితం రెండు వైపులా సంతకాలు, మధ్యలో వేలిముద్రలు. "సూడు. ఇంకో యాభై జిరాక్స్ కొట్టించిన" అన్నాడు. నేను తల మీద అచ్చులో ఉన్నది చూశాను. మన వాడలు మనకుండాలి. ప్రభుత్వ వాడలను ప్రైవేటు వారికి అమ్మరాదు. కొత్త వాడలు కట్టించాలి. ఇంకా ఆలస్యమైతే మన వాడలు ఒక్కొక్కటే మునిగిపోతాయి.

వాన పడితే మా వాడలన్నీ మునుగుతాయి. ఈ మధ్య ఏది ఎవరికి అమ్ముతున్నారో కూడా తెలియడం లేదు. అర్జీలో ప్రతి వాక్యమూ మా ఊరికి అతికినట్టు సరిపోయింది. చాచా ఓడల గురించి మాట్లాడితే అందరూ ఎప్పటిలాగే తల ఊపారు. కాగితం చూసి, ఈసారి మనిషి దారికొచ్చాడనుకొని సంతకం పెట్టారు.

రేపు చెబుదామనుకున్నాను.

రేపు ఆదివారం. ఆయన వెంట నేనూ బయలుదేరాను, దారిలో చెప్పవచ్చని. బీడీలు చుట్టే ఒక ఆమె గడపలో కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని ఉంది. చాచా ఓడల ముచ్చట మొదలుపెట్టకముందే కాగితం అందుకొని, పెదాలు కదుపుతూ చదివి, సంతకం పెట్టి, ఆకు కత్తిరిస్తూనే అంది:

"మా వాడ మునిగితె అడిగినోడు లేడు చాచా. మోకాళ్లమంటి నీళ్లు. లోపట మేముంటిమి, ఎవ్వడు రాలే. నువ్వన్న అడుగుతున్నవ్, నీ కడుపు సల్లగుండ."

చాచా అక్కడే నిలబడిపోయాడు. సందు మలుపు తిరిగాక నా మోచేయి పట్టుకున్నాడు.

"విన్నవా లెక్చరర్ సాబ్? మా ఓడ అన్నది. నా ఓడ అనలే, నీ ఓడ అనలే. మా ఓడ అన్నది." కళ్లు తుడుచుకున్నాడు, టీ కోసం ఉంచిన రుమాలుతో. "ఇంజన్ రూంల మోకాళ్లమంటి నీళ్లల్ల నిలవడ్డ ఒకపారి. ఇంట్ల గూడ చెప్పలే. గామెకెట్ల ఎరుక?"

"చెప్పుకుంటరు కద" అన్నాను.

అర్జీలు తీసుకునే సోమవారం జగిత్యాలకు కూడా నేనే తోడుపోయాను. పెద్దాఫీసు ద్వారా ఢిల్లీకి పంపమని ఇవ్వాలని ఆయన పట్టు. బల్ల వెనక కూర్చున్నాయన కాగితం పైనుంచి కిందికి చదివాడు, సంతకాల బొత్తి బరువు చేత్తో చూశాడు. "న్యాయమైన డిమాండే. వానకాలం లోపల చేపియ్యాలె" అని ముద్ర కొట్టాడు. చాచా నా వైపు చూసిన చూపు చూస్తే, ఆయనే ఒక ఓడను నీళ్లలోకి తోసివచ్చాడనుకుంటారు. నేను గొంతు సవరించుకున్నాను. మంచినీళ్లు కావాలా అని బల్ల వెనకాయన అడిగాడు. తాగాను.

తిరుగు బస్సులో చాచా, "వానకాలం లోపలనట! ఓడ కట్టుడంటె రెండేండ్లు. అయినా ఆ మాటన్నడు సూడు" అన్నాడు.

"చాచా, ఆ కాగితంల..." అన్నాను.

"ఏంది?" అని వినే చెవి నా వైపు పెట్టాడు.

"ముద్ర మంచిగ పడ్డది" అన్నాను.

మొదటి వానకు ముందే నలుగురు మనుషులు పారలతో వచ్చి రెండు రోజులు మా వాడ మోరీ పూడిక తీశారు. ఆ యేడు మా గల్లీలో నీళ్లు నిలవలేదు. ప్రజలు అడిగింది అడిగినట్టు జరగడం నా ఎరుకలో అదే మొదలు. పారల వాళ్లకు చాచా టీ పోయించాడు, అరుగు మీద తడి రుమాలు పరిచి. ఎందుకొచ్చారని అడగలేదు, పనిచేసే వాళ్లను ఎందుకొచ్చారని అడగడం ఆయన పద్ధతి కాదు.

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని విప్పకుండా నా దగ్గరికి తెచ్చాడు. నాలుగు వరుసలు. తమరి అర్జీలోని వాడ సమస్యపై చర్య తీసుకోబడినది, మురికి కాలువ పూడిక తీయబడినది, అర్జీ ముగించబడినది. చాచా నా నోటి వైపు చూస్తున్నాడు. వినబడనివాళ్లు అలాగే చూస్తారు.

"పరిశీలనల ఉన్నదట" అన్నాను.

"ఎన్ని ఓడలట?"

"లెక్క రాయలే."

"రాయరు. గట్లాంటియి బయట పెట్టరు" అని మెచ్చుకోలుగా తల ఊపాడు. ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఓడలో ఇచ్చిన తన పాత నౌకరీ పుస్తకంలో దాచుకున్నాడు. ఆ రోజు నుంచి యూరియా క్యూ దగ్గరికి పోవడం మానేశాడు. పని అయిపోయిన మనిషిలా, హోటల్లో కూర్చొని వచ్చే పోయే లారీలను చూసేవాడు. నేను మాత్రం వేరే హోటల్‌కు అలవాటు పడ్డాను. అక్కడ టీ బాగుంటుందని ఇంట్లో చెప్పాను. బాగుండదు.

చలికాలం రాకముందే చాచా పోయాడు. నిద్రలోనే. మసీదు మైకులో చెప్పినప్పుడు ఆయన అసలు పేరు విని ఎవరో అనుకున్నాను.

నలభయ్యో రోజు భోజనాలయ్యాక, సిరిసిల్ల నుంచి వచ్చిన ఆయన బిడ్డ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ట్రంకు పెట్టె తెరిచి ఉంది. పైన మడత పెట్టిన ఎర్ర జెండా, దాని కింద నౌకరీ పుస్తకం. ప్లాస్టిక్ కవరు, మిగిలిపోయిన అర్జీ కాగితం ఒకటి ఆమె చేతిలో ఉన్నాయి. ఆమె పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది.

"అన్నా, గీ ఉత్తరం అబ్బాకు నువ్వే సదివి చెప్పినవట?"

"అవునమ్మా."

"పరిశీలనల ఉన్నదన్నవట?"

నేను జెండా మూల దగ్గరి రెండు వరసల కుట్టు చూస్తున్నాను.

"ఆ దినం ఫోన్ జేసిండు. 'ఊరంత ఓడలడుగుతున్నది బిడ్డా, నేనొక్కన్నే అనుకున్న ఇన్నొద్దులు' అన్నడు. గంత సంబురం నా పెండ్లికి గూడ పడలే." ఆమె అర్జీ కాగితం నా ముందు పెట్టి, మొదటి వరుసలో రెండో మాట కింద వేలు ఉంచింది.

"అది జిరాక్స్ షాపాయన..." అన్నాను.

"ఆయన తెల్వక దిద్దిండు" అంది. వేలు అక్కడే ఉంది. "నువ్వు సదువుకున్నోనివి. నీకు కనవడలేదా, కనవడ్డా ఊకున్నవా?"